ఎంపీకి చెప్పేది మాకూ చెప్పాలి: ఆ వాక్యం ఎటు పోయింది?

(సమాచార హక్కు మీద ఆదివాసీ యువతకి జరిగిన శిక్షణ తరగతిలో మాట్లాడింది. రాలేకపోయినవాళ్లు అడిగారని ఇక్కడ పెడుతున్నా. మాట్లాడినట్టే ఉంచాను. అక్కడక్కడా తేదీలు మాత్రం చేర్చాను.)

ముందు రెండు కాగితాల గురించి చెప్తాను. రెండూ నా ఫైల్లోనే ఉన్నాయి.

మొదటిది నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పటిది. మా తాత పోడు భూమికి పెట్టుకున్న అర్జీ కొట్టేశారని ఊళ్లో అనుకోవడమే తప్ప, ఎందుకు కొట్టేశారో ఎవరూ చెప్పలేదు. ఆఫీసుకి వెళ్తే రేపు రమ్మంటారు, ఆ రేపటికి సారు మీటింగులో ఉంటారు. చివరికి సమాచార హక్కు చట్టం కింద ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు రాశాను. గడువు 30 రోజులు. మాకు నలభై దాటాక కవరు వచ్చింది. మా పంచాయతీలో ఎవరు ఎన్ని ఎకరాలకి పెట్టుకున్నారు, ఎన్నింటికి పట్టా ఇచ్చారు, ఇవ్వకపోతే కారణమేంటి, అన్నీ పేర్లతో సహా ఉన్నాయి. చివరి గడిలో కారణం. అందరికీ ఒకటే మాట: ఆధారాలు లేవు. గ్రామసభ తీర్మానం, ఊరి పెద్దల వాంగ్మూలం జతచేసినవాళ్లకీ అదే మాట. చదివి వినిపిస్తుంటే మా తాత అన్నాడు, "అయితే మనొక్కళ్లకే కాదన్నమాట."

ఆ ఒక్క మాటతోనే ఊరు కదిలింది. ఆ జాబితా పట్టుకుని అందరం కలిసి మళ్లీ అర్జీలు వేశాం. కొందరి భూములకి సర్వే జరిగింది. అందరికీ న్యాయం జరిగిందని చెప్పను, జరగలేదు. కానీ ఎక్కడ ఆగిందో తెలిసింది.

రెండో కాగితం ఈ మధ్యది. పక్క పంచాయతీ వాళ్ల కోసం అదే ప్రశ్న, దాదాపు అవే మాటలతో వేశాను. జవాబు ఒక్క వాక్యం. కోరినది వ్యక్తిగత సమాచారం అయినందున సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వడానికి వీలుపడదని. కింద సంతకం, ముద్ర.

ప్రశ్న మారలేదు. మధ్యలో చట్టం మారింది. ఎలా మారింది, మార్చేముందు పార్లమెంటులో ఎవరు చదివారు, ఎంతసేపు చదివారు అన్నదే ఇవాళ నేను చెప్పాలనుకున్నది. ఢిల్లీ సంగతులు మనకెందుకు అనుకోకండి. ఆ సంగతే ఇప్పుడు మన మండలాఫీసు కవర్లో వచ్చింది.

అసలు ఏం తీసేశారు

2005లో వచ్చిన చట్టంలో 8(1)(జె) అనే క్లాజు ఉంది. వ్యక్తిగత సమాచారం ఎప్పుడు ఇవ్వక్కర్లేదో చెప్పే క్లాజు అది. పాత మాటల్లో మూడు విషయాలు ఉండేవి. ఒకటి, ప్రజా వ్యవహారంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారం, లేదా ఒకరి ఏకాంతంలోకి అకారణంగా చొరబడే సమాచారం అయితే ఇవ్వక్కర్లేదు. రెండు, అలాంటిదైనా సరే, విస్తృత ప్రజాప్రయోజనం ఉందని అధికారి భావిస్తే ఇవ్వొచ్చు. మూడోది నాకు చాలా ఇష్టమైన వాక్యం: పార్లమెంటుకి గానీ రాష్ట్ర శాసనసభకి గానీ నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించకూడదు.

ఆ మూడోదాన్ని ఇంకోసారి చదవండి. ఎంపీ లేచి అడిగితే చెప్పాల్సిన సంగతి, కొండ మీద గూడెంలో ఉన్న మా తాత అడిగినా చెప్పాల్సిందే అని దానర్థం. ఎంపీని పంపింది మేమే కదా, మాకంటే ఆయనకి ఎక్కువ తెలిసే హక్కు ఎక్కడిది అన్న ఇంగితం అందులో ఉంది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో మొత్తం 44 సెక్షన్లు. చిట్టచివరి సెక్షన్‌లో, మూడో ఉపసెక్షన్‌లో, ఈ క్లాజుని మార్చేశారు. ఇప్పుడు అక్కడ మిగిలింది ఇంతే: వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం ఇవ్వక్కర్లేదు. పైన చెప్పిన మూడూ పోయాయి. 2025 నవంబర్‌లో నియమాలు విడుదల చేసినప్పుడు ఈ మార్పుని కూడా అమల్లోకి తెచ్చారు.

పేరు ఉన్న ప్రతి కాగితమూ ఎవరో ఒకరి వ్యక్తిగత సమాచారమే అనొచ్చు. పోడు అర్జీలో పేరు ఉంటుంది. ఉపాధి మస్టర్లో పేరు ఉంటుంది. రేషన్ జాబితాలో, ఇళ్ల జాబితాలో, కాంట్రాక్టరు బిల్లులో, డ్యూటీకి రాని ఉద్యోగి హాజరు పట్టీలో, అన్నింట్లో పేర్లే. పేర్లు లేని జాబితా ఇస్తే దాన్ని గ్రామసభలో ఎలా చదువుతాం? ఇరవై మందికి కూలి ఇచ్చామని ఉంటే, ఆ ఇరవై మందీ ఎవరో తెలిస్తేనే కదా "ఈయన చనిపోయి మూడేళ్లయింది" అని ఎవరో ఒకరు లేచి చెప్పగలిగేది.

కమిటీ అంటే ఏంటి

మన ఊళ్లో భూమి తగాదా వస్తే పెద్దలు ఏం చేస్తారు? ఇరుపక్షాలనీ పిలుస్తారు, గట్టు దగ్గరికి వెళ్లి చూస్తారు, పాతకాలం వాళ్లని అడుగుతారు. ఒక పక్షం మాట మాత్రమే విని, గట్టు చూడకుండా తీర్పు చెప్తే ఊరు ఒప్పుకోదు. పార్లమెంటులో ఈ గట్టు చూసే పని కమిటీలది. బిల్లు సభలోకి వచ్చాక స్థాయీ సంఘానికో, సెలెక్ట్ కమిటీకో, సంయుక్త కమిటీకో పంపుతారు. అందులో అన్ని పార్టీల ఎంపీలూ ఉంటారు. వాళ్లు అధికారుల్ని పిలిచి అడుగుతారు, సంఘాల మాట వింటారు, ఒక్కో క్లాజు చదువుతారు, ఒప్పుకోని సభ్యులు అసమ్మతి రాసిస్తారు. అదంతా నివేదికగా అచ్చవుతుంది.

ఇదేదో కాగితాల పని అనుకునేవాళ్లకి మన సొంత చరిత్రే చెప్తాను.

అటవీ హక్కుల బిల్లుని 2005 డిసెంబర్ 13న లోక్‌సభలో పెట్టారు. అప్పుడు అందులో కటాఫ్ తేదీ 1980 అక్టోబర్ 25. అంటే ఆ తేదీకి ముందు నుంచీ సాగులో ఉన్నట్టు చూపించినవాళ్లకే హక్కు. ఇవ్వగలిగింది రెండున్నర హెక్టార్ల దాకానే. తరతరాలుగా అడవిలో ఉంటున్న ఆదివాసేతరుల ఊసే లేదు. ఆ బిల్లు సంయుక్త కమిటీకి వెళ్లింది. కమిటీ అధ్యక్షుడు ఎవరో తెలుసా? అప్పటి పార్వతీపురం ఎంపీ వి.కిశోర్ చంద్రదేవ్. దేశంలో ఎక్కడెక్కడి ఆదివాసీ సంఘాలో ఆ కమిటీకి తమ మాట చెప్పుకున్నాయి. 2006 మేలో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది డిసెంబర్‌లో చట్టమయ్యేసరికి కటాఫ్ తేదీ 2005 డిసెంబర్ 13 అయింది. పరిమితి నాలుగు హెక్టార్లయింది. ఇతర సంప్రదాయ అటవీవాసులూ చేరారు. పాతికేళ్ల తేడా! 1980 తర్వాత కొట్టిన పోడుకి ఇవాళ మీ ఇంట్లో పట్టా ఉంటే, ఆ పట్టా వెనక ఒక కమిటీ కూర్చుని చదివిన నెలలు ఉన్నాయి.

సమాచార హక్కు చట్టం కథా అంతే. 1990ల్లో రాజస్థాన్ పల్లెల్లో కూలీలు, రైతులు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పేరుతో కలిసి, మస్టర్లు చూపించండి, బిల్లులు చూపించండి అని అడగడంతో ఆ ఉద్యమం బలపడింది. కూలి డబ్బుల దగ్గర మొదలైన ప్రశ్న అది. 2002లో ఒక చట్టం చేశారు కానీ దాన్ని అమల్లోకే తేలేదు. 2004 డిసెంబర్‌లో కొత్త బిల్లు పెట్టారు. అది కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకే పరిమితం. స్థాయీ సంఘానికి పంపాక, బయట ఉద్యమం ఒత్తిడి, లోపల కమిటీ సిఫార్సులు కలిసి దాన్ని మార్చాయి. రాష్ట్రాలూ చట్టం కిందికి వచ్చాయి. సమాచార కమిషన్ స్థాయిని ఎన్నికల కమిషన్‌తో సమానం చేశారు. 2005 మేలో ఉభయసభలూ ఆమోదించాయి, అక్టోబర్ 12 నుంచి అమల్లోకి వచ్చింది. మీ తహసీల్దారు ఆఫీసు, మీ ఐటీడీఏ ఈ చట్టం కింద జవాబు చెప్పాల్సి వస్తోందంటే, బిల్లుని మొదట రాసినట్టే ఉంచనందుకే.

తర్వాత ఏమైంది

2013లో ఆరు జాతీయ పార్టీలు కూడా ఈ చట్టం కిందికి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ చెప్పింది. వెంటనే పార్టీలన్నీ ఒక్కటయ్యాయి. తమని తప్పించే సవరణ బిల్లు ఆగస్టులో వచ్చింది. జనం నుంచి గోల లేచింది, బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది. నిజం చెప్పాలంటే ఆ సంఘం కూడా బిల్లు వైపే మాట్లాడింది. అయినా ఆ కొన్ని నెలల గడువు చాలింది. లోక్‌సభ కాలం ముగిసి బిల్లు మురిగిపోయింది.

2019లో అలాంటి గడువు ఇవ్వలేదు. కమిషనర్ల పదవీకాలం, జీతం చట్టంలోంచి తీసి కేంద్రం నియమాల్లో పెట్టుకునే బిల్లు అది. జులై 19న లోక్‌సభలో పెట్టారు. 22న ఆమోదించారు. 25న రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి పంపాలని ప్రతిపక్షం అడిగితే ఓటింగ్ జరిగింది. పంపాలన్నవాళ్లు 75, వద్దన్నవాళ్లు 117. అదే రోజు బిల్లు పాసయింది. అక్టోబర్లో వచ్చిన నియమాలతో అయిదేళ్ల పదవీకాలం మూడేళ్లకి తగ్గింది. రాష్ట్ర కమిషనర్లకి కూడా కేంద్రం పెట్టిన నియమమే. స్థాయీ సంఘం నెలల తరబడి చర్చించి నిలబెట్టిన హోదాని వారంలో దించేశారు.

ఇక 2023. ఇది చిత్రమైన కథ. డేటా రక్షణ బిల్లుని మొదట 2019 డిసెంబర్‌లోనే తెచ్చారు, సంయుక్త కమిటీకి పంపారు. ఆ కమిటీ రెండేళ్లు పనిచేసి 81 సవరణలు సూచించింది. 2022 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లునే వెనక్కి తీసుకుంది. కొత్తగా రాసిన బిల్లుని 2023 ఆగస్టు 3న లోక్‌సభలో పెట్టింది. ఈ కొత్తదాన్ని సభ ఏ కమిటీకీ పంపలేదు. 7న లోక్‌సభలో, 9న రాజ్యసభలో మూజువాణి ఓటుతో అయిపోయింది. మూజువాణి అంటే అవును అన్నవాళ్లు అవును, కాదు అన్నవాళ్లు కాదు అని అరవడం. ఎవరు ఏమన్నారో పేర్లతో లెక్క ఉండదు. అవి మణిపూర్ మీద సభలు అట్టుడుకుతున్న రోజులు. రాజ్యసభలో ఓటింగ్ నాటికి ప్రతిపక్షం వాకౌట్ చేసి బయట ఉంది.

ఆగస్టు 9 ఏ రోజో మీకు చెప్పక్కర్లేదు. ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఆ పొద్దున నేను ర్యాలీలో డప్పుల వెనక నడుస్తున్నా. అదే రోజు ఢిల్లీలో, ఎంపీకి చెప్పేది మాకూ చెప్పాలన్న వాక్యాన్ని ఎంపీలే తీసేశారు. నాకు ఆ సంగతి చాలా నెలల తర్వాత తెలిసింది.

ఇది ఒక్క బిల్లు సంగతి కాదు. 15వ లోక్‌సభలో వందకి 71 బిల్లులు కమిటీలకి వెళ్లాయి. 17వ లోక్‌సభలో వందకి 16.

ప్రభుత్వం చెప్పే మాట

అవతలి పక్షం మాట కూడా వినాలి కదా. ప్రభుత్వం చెప్పేది ఇది: 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది, దానికి తగ్గట్టు చట్టాన్ని సరిచేశాం. పైగా సమాచార హక్కు చట్టంలోనే సెక్షన్ 8(2) అలాగే ఉంది, హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని అది చెప్తోంది.

ఇందులో మొదటి సగం నేను కొట్టిపారేయను. గోప్యత మనకీ కావాలి. సర్వే అని వచ్చి మన వేలిముద్రలు, ఫొటోలు, ఫోన్ నంబర్లు పట్టుకెళ్లేవాళ్లు ఎంతమంది? ఆశ్రమ పాఠశాలలో చదివే ఆడపిల్ల ఆరోగ్యం సంగతి ఎవడో దరఖాస్తు వేస్తే ఇచ్చేయాలా? వద్దు. కానీ పాత క్లాజు ఆ పిల్లని కాపాడింది. ప్రజా వ్యవహారంతో సంబంధం లేనిది ఇవ్వక్కర్లేదని అందులోనే ఉంది. కొత్త క్లాజు ఆ పిల్లని, కాంట్రాక్టరుని ఒకే గొడుగు కిందికి తెచ్చింది.

రెండో సగం చూద్దాం. 8(2) ఉంది, నిజమే. కానీ దాన్ని వాడాలా వద్దా అన్నది అధికారి తూకం వేసుకోవాలి. సెక్షన్ 6(2) ప్రకారం సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పక్కర్లేదు. ఇప్పుడేమో ప్రజాప్రయోజనం ఏంటో మనమే రాసి ఒప్పించుకోవాల్సిన పరిస్థితి. చదువుకున్న నాకే ఇది కష్టం. మా తాతకి?

ఒప్పుకోకపోతే అప్పీలుంది కదా అంటారు. మొదటి అప్పీలు, ఆ తర్వాత కమిషన్. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనర్ కూడా లేరు. అప్పుడు రెండో అప్పీలు వేసినవాడి కాగితం ఎవరు చదివారు?

ఇలాంటి ప్రశ్నలే ఒక కమిటీ కూర్చుని అడగాల్సినవి. గోప్యత కావాలన్నవాళ్లనీ, మస్టర్ చదివేవాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఈ మూడు మాటలు తీసేయకుండా గోప్యతని కాపాడలేమా అని అడిగితే చాలు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

అలాగని కమిటీకి పంపితే చాలు, అంతా బాగుంటుందనీ నేను అనను. 2023లోనే అటవీ సంరక్షణ సవరణ బిల్లుని సంయుక్త కమిటీకి పంపారు. అసమ్మతి నోట్లు వచ్చాయి, గ్రామసభల హక్కుల మీద భయాలు చెప్పుకున్నారు. కమిటీ ఒక్క మార్పూ చెప్పకుండా బిల్లుని అలాగే తిప్పి పంపింది. కానీ ఒక తేడా ఉంది. అక్కడ ఎవరు ఏం చెప్పారో, ఎవరు కాదన్నారో అచ్చులో ఉంది. రేపు కోర్టులోనో, జనం ముందో చూపించొచ్చు.

మనకి ఏం పోతుంది

ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదని 1/70 ఉంది. చట్టం ఉంది కాబట్టి భూమి ఉందా? ఏ సర్వే నంబరు ఎవరి పేరు మీదికి మారిందో తెలిస్తేనే కేసు పెట్టగలం. దొంగ ఎస్టీ సర్టిఫికెట్లతో ఉద్యోగాల్లో చేరేవాళ్ల సంగతి మీకు తెలుసు. ఎవరు, ఏ ధృవపత్రంతో, ఏ పోస్టులో ఉన్నారన్నది పేరు లేకుండా ఎలా అడుగుతాం? ఇది ముందే కష్టంగా ఉండేది. 2012లో ఒక కేసులో ఉద్యోగి సర్వీసు వివరాలు వ్యక్తిగతమని సుప్రీంకోర్టు చెప్పాక, ఆ తీర్పు పేరు చెప్పి చాలా ఆఫీసులు తలుపులేశాయి. అయినా ప్రజాప్రయోజనం అన్న మాట ఆ క్లాజులోనే ఉండేది కాబట్టి పోట్లాడే వీలుండేది. ఇప్పుడు గడియ కూడా పెట్టారు.

మనం చేయాల్సింది

తిరస్కరిస్తారులే అని దరఖాస్తులు మానేయకండి. మానేస్తే వాళ్ల పని తేలికవుతుంది. రాసే పద్ధతి మార్చుకుందాం.

ఒకటి. ముందు సెక్షన్ 4(1)(బి) పట్టుకోండి. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు, రాయితీలు, అనుమతులు పొందినవాళ్ల వివరాలు ఎవరూ అడగకుండానే ఆఫీసు ప్రకటించాలని అందులో ఉంది. దాన్ని ఎవరూ తీసేయలేదు. ఆ జాబితాలు ఎక్కడ పెట్టారో చూపించండి అని అడగండి.

రెండు. దరఖాస్తులోనే 8(2) పేరు రాసి, ప్రజాప్రయోజనం ఏంటో రెండు వాక్యాల్లో చెప్పండి. "ఇది ప్రభుత్వ డబ్బు. గ్రామసభలో సరిచూడటానికి పేర్లు అవసరం." ఇంత చాలు. చట్టం అడగని కారణం మనం ఇస్తున్నామన్న కోపం ఉంటే ఉండనివ్వండి, కానీ రాయండి.

మూడు. సెక్షన్ 10 గుర్తుపెట్టుకోండి. ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని అది చెప్తోంది. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు మాకొద్దు, కొట్టేసి ఇవ్వండి అని మనమే ముందు రాసేద్దాం. మనం కోరేది ఎవరి ఇంటి గుట్టూ కాదు.

నాలుగు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకి ఫీజు లేదు, కార్డు నకలు జతచేస్తే చాలు. తిరస్కరణ వచ్చిన 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. ప్రతి తిరస్కరణ కాగితాన్నీ దాచండి. మన మండలంలో ఈ ఏడాది "వ్యక్తిగత సమాచారం" అని ఎన్ని జవాబులు వచ్చాయో మనమే లెక్క కడదాం.

అయిదు. ఆ కట్ట పట్టుకుని ఎంపీ దగ్గరికి వెళ్దాం. లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ నుంచి అరకు, తెలంగాణ నుంచి ఆదిలాబాద్, మహబూబాబాద్ మన ఎస్టీ సీట్లు. ఓట్లు అడగడానికి కొండెక్కి వచ్చినవాళ్లని నేరుగా అడుగుదాం. ఈ మార్పు ఆదివాసీ ప్రాంతాల్లో ఏం చేస్తోందో స్థాయీ సంఘం పరిశీలించాలని మీరు అడుగుతారా? ఆ మూడు వాక్యాలూ తిరిగి పెట్టాలని సభలో మాట్లాడతారా? అవుననో కాదనో పేరు పెట్టి చెప్పమందాం, మూజువాణిలో కాదు.

పక్క పంచాయతీ వాళ్ల మొదటి అప్పీలు నిన్ననే రిజిస్టర్ పోస్టులో పంపాను. రసీదు మొదటి రెండు కాగితాల పక్కనే పెట్టాను. మీ దగ్గర అలాంటి కాగితం ఉంటే, మీ పేరు కొట్టేసి నకలు నాకు పంపండి. లెక్క మొదలుపెడదాం.